అభిమానికి ఓటు లేదు

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఊరు మారాలా వద్దా అన్న చర్చ వచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆట ప్రధాన లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లలో 24 జట్ల యాజమాన్యాలు సరేనంటే చాలు, దశాబ్దాలుగా టికెట్లు కొంటున్న అభిమానిని అడిగే నాథుడే ఉండడు. 1984 మార్చిలో కోల్ట్స్ జట్టు సామానంతా లారీలకెక్కించుకొని రాత్రికి రాత్రే బాల్టిమోర్ నుంచి ఇండియానాపొలిస్‌కు వెళ్ళిపోయింది. అద్దె ఎగ్గొట్టేవాడు కూడా అంత గుట్టుగా ఇల్లు ఖాళీ చేయడు. 2016లో శాన్ డియేగో ఓటర్లు కొత్త స్టేడియానికి పన్ను సొమ్ము ఇవ్వబోమని తేల్చిచెప్పగా, మరుసటి ఏడాదే అక్కడి ఛార్జర్స్ జట్టు లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. ఓక్లండ్‌ను వదిలిన రైడర్స్ జట్టు కోసం లాస్ వెగాస్‌లో కట్టిన స్టేడియానికైతే హోటల్ గదుల పన్ను నుంచి 75 కోట్ల డాలర్లు కేటాయించారు. పైగా దీనిని వ్యాపార నిర్ణయమంటారు. వ్యాపారమే అయితే ఆ ఖర్చేదో యజమానులే పెట్టుకోవచ్చు కదా!