ఆప్టిమైజేషన్ స్కోరు బావుకి, పలాస నుంచి

బావూ,

గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే గూగుల్ యాడ్స్ ఖాతా తెరిస్తే చాలు, అందరికన్నా ముందు నువ్వే పలకరిస్తావు. ఖాతాని నీ సలహాల ప్రకారం ఎంత సర్దుకున్నామో నూటికి మార్కులేసి, 61 శాతం అంటావు. జీడిపప్పు షావుకారి గుండె గుభేలుమంటుంది. "ఏటిది, మనం అంత ఎనకబడిపోనామా?" అని ఏజెన్సీకి ఫోను కొడతాడు. అక్కడివాళ్లు నాలుగు బటన్లు నొక్కి, సాయంత్రానికల్లా నిన్ను నూటికి నూరు చేసి స్క్రీన్‌షాట్ పంపుతారు. కాశీబుగ్గ గోదాంలో టిన్నులు మాత్రం పొద్దున ఎన్నున్నాయో రాత్రికీ అన్నే.

నీ గుట్టు మాకు తెలుసు. ఎవరైనా ఏదైనా వెతికిన ప్రతిసారీ ఏ యాడ్ చూపాలో తేల్చే వేలం అప్పటికప్పుడు జరుగుతుంది. బిడ్ (క్లిక్కుకి ఇస్తామన్న డబ్బు) ఎంత, యాడ్ నాణ్యత ఏపాటిది, వెతికినవాడు ఎక్కడున్నాడు, ఏం అడిగాడు అని చూస్తారు. అక్కడ నిన్ను పిలిచేవాడే లేడు. పైగా నీ సలహాకి 'అప్లై' కొట్టినా పెరుగుతావు, 'డిస్మిస్' కొట్టినా పెరుగుతావు. పిలిచినా పిలవకపోయినా పంక్తిలో కూర్చునే చుట్టానివి నువ్వు. మరి ఏజెన్సీలు నీకెందుకు మొక్కుతాయంటే, గూగుల్ వాళ్లకిచ్చే పార్ట్‌నర్ బ్యాడ్జికి నువ్వు కనీసం 70 ఉండాలి. అది వాళ్ల అవసరం. షావుకారిది కాదు.

నీకు బాగా ఇష్టమైన సలహా బ్రాడ్ మ్యాచ్, అంటే కీవర్డుకి (యాడ్ ఏ మాటకి రావాలో మనం ఇచ్చే మాట) సంబంధం ఉందనిపించే వేరే వెతుకులాటలకీ యాడ్ చూపడం. "జీడిపప్పు హోల్‌సేల్" అన్న కీవర్డుని నువ్వు చెప్పినట్టు వదులు చేసి, వారం తర్వాత జనం నిజంగా ఏం వెతికారో చెప్పే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిస్తే ఇలాంటివి కనిపిస్తాయి: జీడిపప్పు పకోడీ తయారీ, జీడిపప్పు తింటే బరువు పెరుగుతారా, జీడి ఫ్యాక్టరీలో ఉద్యోగాలు, జీడిపిక్కలు ఒలిచే మెషిన్ ధర. ఈ చివరివాడు రేపు పక్క వీధిలో దుకాణం పెట్టబోయేవాడు. అతని క్లిక్కుకి కూడా మన షావుకారే డబ్బు కడతాడు.

నిజంగా కొనేవాడి భాష వేరు. మిఠాయి దుకాణం వాడు "డబ్ల్యు 320 ధర" అని కొడతాడు. 320 అంటే పౌండుకి తూగే గుండ్ల లెక్క అని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. కాజూ కత్లీకి రుబ్బేవాడు గుండు జోలికి పోడు, బద్దో ముక్కో అడుగుతాడు. "10 కిలోల టిన్" అని రాసినవాడు చేతిలో డబ్బు పెట్టుకుని అడుగుతున్నాడు. అందుకే గుండుకి ఒక యాడ్ గ్రూపు (కీవర్డులూ యాడ్‌లూ కలిపిన కట్ట), బద్దకి మరొకటి. రెండింటికీ ధర కనిపించే వేరు వేరు పేజీలు. కీవర్డులు మొదట బ్రాడ్ కన్నా బిగువైన ఎగ్జాక్ట్‌లో, ఫ్రేజ్‌లో పెట్టాలి. ప్రతి సోమవారం రిపోర్టు తీసి, పనికిరాని మాటల్ని, వాటికి యాడ్ రాకుండా ఆపే నెగెటివ్ జాబితాలో వేయాలి. అక్కడా ఒక తిరకాసు ఉంది. నెగెటివ్‌లో "ఉద్యోగం" వేస్తే "ఉద్యోగాలు" ఆగదు, "జాబ్స్" అసలే ఆగదు. తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకటి, అన్నీ విడివిడిగా వేసుకోవాలి. కొద్దిమందే వెతికిన మాటల్ని రిపోర్టు చూపించదు కూడా. ఖర్చు మొత్తంలో మాత్రం అవి ఉంటాయి.

బ్రాడ్ మ్యాచ్ ఎప్పటికీ దండగ అనడం లేదు. కన్వర్షన్ల (యాడ్ నొక్కి వచ్చినవాళ్ల ఎంక్వైరీ, ఆర్డరు లాంటివి) లెక్క నిజమైనదై, నెలనెలా సరిపడా వస్తుంటే దానికి పని చెప్పొచ్చు. ఆ లెక్క దగ్గరే కొంప మునుగుతోంది. కాంటాక్ట్ పేజీ తెరిచినా కన్వర్షనే అని పెట్టి వాటిని వీలైనన్ని తెచ్చే 'మాక్సిమైజ్ కన్వర్షన్స్' బిడ్డింగ్ ఆన్ చేస్తే, అది పేజీ తెరిచి పోయేవాళ్లనే చవగ్గా తెచ్చి పోస్తుంది. ఫోను కాల్ అయితే 60 సెకన్లు దాటిందే లెక్కలోకి రావాలి. ఎంక్వైరీకి కౌంట్ 'వన్' ఉండాలి, 'ఎవ్రీ' కాదు; ఒక క్లిక్కు మీద ఎన్నిసార్లు అడిగినా ఒక్కటే లెక్క.

ఇక సెట్టింగులు. నువ్వు నూరు చూపిస్తున్న రోజున కూడా లొకేషన్ ఆప్షన్ 'ప్రెజెన్స్ ఆర్ ఇంట్రెస్ట్' మీదే ఉండొచ్చు, అంటే ఊళ్లో ఉన్నవాళ్లకే కాదు, ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకీ యాడ్. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో ఏసీ రిపేరు చేసేవాడికి కావాల్సింది ఊళ్లో ఉన్నవాళ్లు. అరసవల్లి దర్శనం వేళలు వెతుక్కునే సిక్కోలు కుర్రాడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఏసీ పాడైతే అతనికీ ఈ యాడ్ కనిపించవచ్చు. మెకానిక్కు బస్సెక్కి వెళ్లలేడు కదా! దాన్ని 'ప్రెజెన్స్' చేయాలి. హోల్‌సేల్ జీడిపప్పుకి లెక్క తిరగబడుతుంది. కొనేవాడున్న విశాఖ, హైదరాబాద్, బరంపురం పెట్టుకోవాలి. డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే సైట్లలో, యాప్‌లలో చూపేది) టిక్కు తీసేయాలి, గూగుల్ బయటి వెతుకులాటలకి చూపే సెర్చ్ పార్ట్‌నర్స్ కూడా. భాష ఎంచుకోమని అడిగితే తెలుగుతో పాటు ఇంగ్లిష్ ఉంచాలి, మనవాళ్ల ఫోన్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి.

బడ్జెట్ పెంచమంటావు. ముందు ఉన్న బడ్జెట్ సంగతి విను. రోజుకి 500 అని రాస్తే ఒక రోజు 1,000 దాకా పోవచ్చు. నెల పరిమితి 30.4 రెట్లు, అంటే 15,200. జీఎస్టీ 18 శాతం కలిపితే 17,936. షావుకారికి 15,000 అని చెప్పిన వాడెవడో నెలాఖరుకి మొహం చాటేస్తాడు.

ఒక్కో యాడ్‌కి మార్కులేసే నీ తమ్ముడు యాడ్ స్ట్రెంగ్త్ కూడా నీ బాపతే. హెడ్‌లైన్లు పదిహేను దాకా పెట్టొచ్చు, ఎక్కువ నింపితే గానీ 'ఎక్సలెంట్' అనడానికి మనసొప్పదు. హెడ్‌లైనుకి ముప్పై క్యారెక్టర్లు. మనం నాలుగక్షరాలు అనుకునే "శ్రీకాకుళం" అక్కడ పది, ఒత్తూ గుణింతం అన్నీ విడిగా లెక్క. పదిహేను చెత్తవి పెట్టేకన్నా ధర, గ్రేడు, టిన్ బరువు, డెలివరీ ఉన్నవి ఎనిమిది చాలు. అతను 'యావరేజ్' అంటే అననీ.

ఇప్పుడు చేయబోయేది చెబుతున్నాం. రికమెండేషన్స్ పేజీలో నీ సలహాల్ని వాటంతటవే అమలు చేసే ఆటో అప్లై తెరిచి టిక్కులన్నీ తీసేస్తాం. చేంజ్ హిస్టరీ చూసి, ఇంతకుముందే నువ్వు చడీచప్పుడు లేకుండా చేర్చిన కీవర్డుల్ని ఒక్కొక్కటే ఆపుతాం. ఆనక నీ సలహాలన్నీ డిస్మిస్ చేస్తాం. నువ్వు నూరవుతావు, ఏజెన్సీ కూడా సంతోషిస్తుంది. ఎందుకు వద్దన్నారో కారణం చెప్పమని అడుగుతావు కదా, నువ్విచ్చే జాబితాలో మా కారణం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
పలాస జీడిపప్పు యాడ్‌లు చూసుకునేవాళ్లు