సామాజిక విలువ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ సామాజిక విలువ గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమని తలుస్తాను. మా పెద్దవాళ్ళు ప్రతి ఉత్తరం మొదట్లో ఈ మాట ఊరికే రాసేవారు, పైసా ఖర్చు లేకుండా. క్షేమానికి పౌండ్లలో ధర కట్టి దానికి తమ పేరు పెట్టవచ్చని, ఆ ధరను ఇక్కడ ఇంగ్లండులో మాకు తక్కువ అద్దెకు ఇల్లిచ్చిన హౌసింగ్ అసోసియేషన్ (లాభం చూసుకోని సంస్థ లెండి) వార్షిక నివేదికలో మా నవ్వు మొహాల పక్కన అచ్చు వేయవచ్చని తమరు వచ్చేదాకా మాకు తెలియదు. ధన్యవాదాలు.

మొన్న మంగళవారం సంగతి తమకు తెలిసే ఉంటుంది. ఆ రోజు లాభపడింది తమరొక్కరే.

పడకగది గోడకు పట్టిన బూజు తుడిచి మందు కొట్టడానికి మనిషిని పంపుతామన్నారు అసోసియేషన్‌వాళ్ళు. పన్నెండు నుంచి అయిదు లోపల ఎప్పుడైనా రావచ్చు. (బూజు అంటే పండక్కి ముందు చీపురుతో దులిపేది కాదు. రొట్టె మీద పట్టే రకం, నల్లగా, చుక్కలు చుక్కలుగా.) బడి వంటగదిలో సగం రోజు జీతం వదులుకుని వచ్చి, వీధి తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. స్నానాలగదికి వెళ్ళాలన్నా భయమే. ఆ రెండు నిమిషాల్లో వచ్చి వెళ్ళిపోతాడేమోనని. మూడు నలభైకి ఫోను మోగింది. హమ్మయ్య, కింద నిలబడి ఉంటాడనుకున్నాను.

కింద ఎవరూ లేరు. ఫోను చేసింది తమ తరఫువాళ్ళు. అదే అసోసియేషన్‌లో సామాజిక పెట్టుబడి విభాగం. మా తోటపని తరగతికి వచ్చారు కదా, రెండే నిమిషాలు, ఒక్క ప్రశ్న అన్నారు. "మొత్తం మీద ఈ రోజుల్లో మీ జీవితంతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు? సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పండి."

అయ్యా, ఇది తలుపు పక్కన కుర్చీలో మూడున్నర గంటలుగా కాపలా కాస్తున్న మనిషిని అడగవలసిన ప్రశ్నేనా?

అయినా చెప్పాను. ఎనిమిది అన్నాను.

ఆ ఎనిమిది నన్ను నిద్రపోనివ్వడం లేదు. తరగతి మొదలయ్యే ముందు కూడా ఇదే ప్రశ్న అడిగారు. అప్పుడు ఏడు అన్నాను. ఎందుకు ఏడు? మా వైపు మనిషిని బాగున్నావా అని అడిగితే, కాలు విరిగి మంచంలో ఉన్నా, ఏదో మీ దయవల్ల బాగానే ఉన్నాం అంటాడు. ఆ "బాగానే"ను అంకెల్లోకి మార్చి చెప్పమంటే ఏడు వస్తుంది. ఆరంటే గొడవకు దిగినట్టుంటుంది. తొమ్మిదంటే దిష్టి తగులుతుంది. ఆరు వారాల తరవాత ఆ ఏడు ఎనిమిది ఎందుకయిందంటే, తరగతి నడిపిన పిల్ల చివరి రోజు టీ పోస్తూ, ఫలితాలు బాగుంటేనే వచ్చే ఏడాది డబ్బిస్తారట అని ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ పిల్లది ఏడాది ఏడాదికీ పొడిగించే ఉద్యోగం. ఆమె కోసం ఒకటి పెంచాను. పెళ్ళిలో వంట ఎలా ఉందని వంటాయన ఎదురుగా నిలబెట్టి అడిగితే ఎవరైనా ఏం చెబుతారు?

ఆ ఒక్కటి ఖరీదు ఎంతో తరవాత తెలిసింది. బ్రిటిష్ ఆర్థిక శాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒక మనిషి సంతృప్తి ఆ సున్నా-పది కొలబద్ద మీద ఒక్క మెట్టు పెరిగి ఏడాది పాటు నిలిస్తే దాని విలువ 13,000 పౌండ్లు. అదీ 2019 ధరల్లో. దానికి వెల్బీ అని ముద్దుపేరు. తరగతిలో పదకొండుమందిమి. మూడో అంతస్తు సిల్హెట్ అక్క (ఆ ఊరు బంగ్లాదేశ్‌లో) కూడా ఆ పిల్ల మొహం చూసి ఒకటి కలిపే చెప్పిందట. అందరం అదే పని చేసి ఉంటే మొత్తం 1,43,000 పౌండ్లు. అసోసియేషన్ పెట్టిన ఖర్చు నాలుగు చెక్కపెట్టెలు, మట్టి బస్తాలు, టీ, బిస్కెట్లు, ఆ పిల్ల జీతం. మిగతాదంతా మా మొహమాటం. మా అమ్మ బతికుండగా ఈ ధర తెలిస్తే కోటీశ్వరురాలై పోయేది.

తమ పుట్టుపూర్వోత్తరాలు కూడా తెలుసుకున్నాను. 2014లో హాక్ట్ అనే ధార్మిక సంస్థ, డేనియల్ ఫుజివారా అనే ఆర్థికవేత్త కలిసి హౌసింగ్ అసోసియేషన్ల కోసం ఒక ధరల పట్టిక తయారుచేశారు. ఈ దేశంలో వేలమందిని ఏటేటా అడిగే పెద్ద సర్వేలున్నాయి, 1991 నుంచి ఉన్నవి. వాటిలో ఎవరు పనిలో ఉన్నారు, ఎవరు ఇరుగుపొరుగుతో మాట్లాడతారు, ఎవరి సంతృప్తి ఎంత అని చూశారు. మరి ఆ సంతృప్తిని డబ్బులోకి మార్చాలి కదా. జీతం పెరిగినవాళ్ళను చూద్దామంటే లెక్క చెడుతుంది, హుషారుగా ఉండేవాడికే జీతం పెరిగిందేమో ఎవరికి తెలుసు? అందుకని లాటరీ తగిలినవాళ్ళను పట్టుకున్నారు. లాటరీకి ఎవరి హుషారుతోనూ పని లేదు. ఎంత డబ్బు తగిలితే ఎంత సంతృప్తి పెరిగిందో తేల్చి, దాన్ని తిరగేసి మా బతుకులకు ధర కట్టారు.

తెలివైన పనే. ఒప్పుకుంటాను. ఎగతాళి చేద్దామని మొదలుపెట్టి చదివితే, ఆ లాటరీ మెలిక దగ్గర నేనే శభాష్ అనుకున్నాను. కాని సామాజిక విలువ గారూ, నాకు లాటరీ తగలలేదు. మెంతికూర మొలిచింది.

ఆ మెంతికూర సంగతీ చెప్పాలి. బాల్కనీలో పాత పెరుగు డబ్బాల్లో పదేళ్ళుగా నేను మెంతికూర, కొత్తిమీర వేసుకుంటూనే ఉన్నాను. ఆ తరగతిలో నాకు మొలకలు ఎలా వేయాలో నేర్పారు. నేను నేర్చుకున్నాను, మొహమాటం కొద్దీ. తమ పద్ధతిలో దీనికి మందు లేకపోలేదు. ఎలాగూ జరిగి ఉండేదాన్ని లెక్కలోంచి కొంత శాతం తీసేయాలట. బంగారు కొట్టులో తరుగు అంటారే, అలాంటిదే. కాని కొట్టులో తరుగు వేసేటప్పుడు కంసాలి నగను చేతిలోకైనా తీసుకుంటాడు. తమరు నా బాల్కనీకేసి చూడనైనా చూడలేదు. అందరికీ కలిపి ఒకటే తరుగు. నా పెరుగు డబ్బాలకు నూటికి నూరూ తీసేయాలని నేనే దరఖాస్తు పెట్టుకోవాలేమో.

ఇక లిఫ్టు. తమ 2014 పట్టికలో ఇరుగుపొరుగుతో తరచుగా మాట్లాడడానికి ఏడాదికి 4,511 పౌండ్లు వేశారు. చాలా సంతోషం. మేము మాట్లాడుకోవడం మొదలుపెట్టింది లిఫ్టు చెడిపోయి ఏడు వారాలు బాగుకానప్పుడు. అంతకుముందు పదేళ్ళు లిఫ్టులో ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటూ దిగేవాళ్ళం. మెట్లెక్కుతూ మూడో అంతస్తులో ఆయాసం తీర్చుకునేటప్పుడు సిల్హెట్ అక్క పరిచయమైంది. అయిదో అంతస్తు ఐరిష్ పెద్దాయన బియ్యం బస్తా ఒక చివర పట్టుకున్నాడు. తమ లెక్కనే తీసుకుంటే, మా భవనంలో అసోసియేషన్ చేసిన అతి గొప్ప సామాజిక పెట్టుబడి ఆ చెడిన లిఫ్టే. బాగుచేసినందుకు వాళ్ళ మీద దావా వేయవచ్చు.

తరగతి గురించి అసోసియేషన్ వేసిన బ్రోషరు సంగతి ఎక్కువ చెప్పను. నా మెంతికూర ఫొటోకి కింద "పాలకూర" అని వేశారు.

తమ పేరు మీద 2012లో ఒక చట్టం కూడా వచ్చింది. ప్రభుత్వ సంస్థలు సేవలు కొనేటప్పుడు ధర ఒక్కటే కాదు, తమరిని కూడా దృష్టిలో పెట్టుకోవాలని. ఉద్దేశం మంచిదే. ఇప్పుడు కాంట్రాక్టు కావాలన్న ప్రతి కంపెనీ తమ పాట పాడుతుంది. మా భవనాల మరమ్మతులు చూసే కంపెనీవాళ్ళు వేసవిలో ఒక రోజు అయిదుగురు వచ్చి, ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని, కింది కమ్యూనిటీ గదికి ఉచితంగా రంగు వేసి వెళ్ళారు. స్వచ్ఛంద సేవ. గోడ మీద ఇంద్రధనుస్సు, చేతులు పట్టుకున్న పిల్లలు. ఫొటోలు దిగారు, నేనే టీ ఇచ్చాను. ఆ గోడకు చెమ్మ లేదు. ఏనాడూ లేదు. చెమ్మ ఉన్న గోడ నాలుగో అంతస్తులో ఉంది. దాని కోసం అదే కంపెనీ నుంచి ఒక్క మనిషి రావాలని నేను ఆ మంగళవారం కుర్చీలో కూర్చున్నాను.

నాలుగు యాభై రెండుకు ఫోనులో సందేశం వచ్చింది. "మేము వచ్చాము. మీరు ఇంట్లో లేరు."

తలుపుకీ నాకూ మధ్య జానెడు దూరం.

ఇదంతా తమ పట్టికలో ఎక్కడ రాస్తారు? వెతికాను. రాయడానికి చోటే లేదు. అంత నిలువు, అంత అడ్డం ఉన్న ఎక్సెల్ కాగితంలో మాకు జరిగిన మేలుకు జమ ఉంది, మాకు జరిగిన నష్టానికి గడి లేదు. మా తాత కిరాణా కొట్టు చిట్టా ఇలా రాసి ఉంటే మొదటి నెలలోనే దివాలా తీసేవాడు. తోటపనికి జమ, తరగతికి జమ, టీకి జమ. పోయిన సగం రోజు జీతం ఎక్కడ? రాత్రిళ్ళు మా చిన్నవాడి దగ్గు ఎక్కడ? మనిషికి కుంగుబాటు నుంచి ఊరట కలిగిస్తే 36,766 పౌండ్లని అదే పట్టికలో వేశారు కదా. కుంగదీస్తే ఎంత? అది కూడా సంతృప్తే కదా, కిందికి దిగే సంతృప్తి. ఆ కొలబద్దకు సున్నా వైపు చివర కూడా ఉందే!

గోడను మొదట చూడడానికి వచ్చినాయన, చట్టం పెట్టిన పది పనిదినాల గడువులో తొమ్మిదో రోజున వచ్చాడు, అది ఒప్పుకోవాలి. గోడను కాకుండా వంటగదిని చూశాడు. ముక్కు ఎగరేసి, మీరు వంట ఎక్కువగా చేస్తారా అన్నాడు. పొయ్యి మీద పులుసు మరుగుతోంది. అవునండీ, మా ఇంట్లో రోజూ తినే అలవాటుంది అన్నాను. బట్టలు లోపల ఆరేస్తారా అన్నాడు. జనవరిలో, నాలుగో అంతస్తులో, ఇంగ్లండులో ఇంకెక్కడ ఆరేస్తారు? కిటికీ తెరిచి పెట్టుకోమని సలహా ఇచ్చి వెళ్ళాడు. చెమ్మ-బూజుల మీద 2021లో హౌసింగ్ అంబుడ్స్‌మన్ (అద్దెకున్నవాళ్ళ ఫిర్యాదులు విచారించే అధికారి) ఇచ్చిన నివేదికకు పేరే "ఇది జీవనశైలి కాదు" అని పెట్టవలసి వచ్చింది. ఇలాంటి ముక్కులు ఎన్ని ఎగిరితే ఆ పేరు పెట్టి ఉంటారు?

ఇక్కడ మర్యాద పక్కన పెడుతున్నాను.

2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో, ఒక హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాటులో, అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. ఇంట్లో బూజును నెలల తరబడి పీల్చడం వల్లనేనని 2022 నవంబరులో, మరణాలకు కారణం విచారించే అధికారి కరోనర్ తేల్చింది. తండ్రి 2017లోనే చెప్పాడు. పైన రంగు వేసుకోమన్నారు. ఆ కుటుంబం స్నానం చేసే తీరు వల్లనేమో అనుకున్నారు. నా పులుసు లాగే. ఆ పిల్లవాడి పేరు మీద చట్టం వచ్చి, 2025 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. పది పనిదినాల్లో వచ్చి చూడాలి, చూశాక అయిదు పనిదినాల్లో ప్రమాదం లేకుండా చేయాలి. ఆ అయిదు రోజులే ఆ మంగళవారంతో నిండాయి. మీరు ఇంట్లో లేరు అన్న మూడు ముక్కలు రాసేస్తే తప్పు ఎవరి మీదికి పోతుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. పిల్లలున్న ఇంట్లో గోడ పొడిగా ఉంచడం పెట్టుబడి కాదు. దానం కాదు. దానికే మేం అద్దె కడుతున్నాం. గోడ సంగతి తేల్చకుండా మళ్ళీ నా జీవితానికి మార్కులెన్నని అడిగితే ఫోను పెట్టేస్తాను. ఆ మౌనానికి ఎన్ని పౌండ్లో రాసుకోండి.

అంత మాట అన్నాక ఆ తోటపని పిల్ల గుర్తొస్తోంది. నాకు ఇప్పటికీ ఆ పిల్ల మీద కోపం లేదు. వానలో కూడా మట్టి బస్తాలు తనే మోసేది. సిల్హెట్ అక్క మొగుడు పోయిన తరవాత ఇంట్లోంచి బయటికి వచ్చిన మొదటి రోజు ఆ తరగతికే వచ్చింది. ఆ రోజు ఏమీ నాటలేదు, కూర్చుని వెళ్ళింది. ఆ రోజుకు తమరు ఎంత కట్టినా నేను తరుగు అడగను. పౌండ్లలో చూపితే తప్ప పైవాళ్ళు ఆ గది తాళం తీయరని, తమరు లేకపోతే ఆ పిల్లకు ఉద్యోగమే ఉండదని నాకూ తెలుసు. అందుకే ఎనిమిది అన్నాను. దాన్ని వెనక్కి తీసుకోవడం లేదు. నా గోడ పద్దు కూడా ఆ పక్కనే రాయమంటున్నాను, అంతే.

వచ్చే మంగళవారానికి మళ్ళీ సమయం ఇచ్చారు. పన్నెండు నుంచి అయిదు. ఇంకో సగం రోజు జీతం పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. సంగతి విని అయిదో అంతస్తు ఐరిష్ పెద్దాయన తాళంచెవి ఇచ్చి వెళ్ళమన్నాడు, నా కుర్చీలో తను కూర్చుంటాడట. పులుసన్నం పెడతానంటే, కారం తగ్గించమన్నాడు.

ఆయన కాపలా ఉండగా తమవాళ్ళు ఫోను చేస్తే, ఆయననే అంకె అడగమనండి. ముందే చెబుతున్నాను, ఆయనకు మొహమాటం లేదు.

ఇట్లు,
నాలుగో అంతస్తు నుంచి,
తమ ఖాతాలో జమ అయిన ఒక పాయింటు