రెండు రన్‌వేల నడుమ

నిరుడు కాదు, మొన్నమొన్నటి సంగతే అన్నట్టు గుర్తుంచుకోవాల్సిన తేదీ 2025 నవంబరు 23. ఆ మధ్యాహ్నం కాబూల్ నుంచి ఢిల్లీ వచ్చిన అరియానా అఫ్గాన్ విమానాన్ని 29ఎల్ రన్‌వే మీద దిగమన్నారు. అది పక్కనున్న 29ఆర్ మీద దిగింది. అప్పుడది టేకాఫ్‌లకు వాడుతున్న రన్‌వే. దారి చూపే ఐఎల్ఎస్ సంకేతం చివర్లో పోయిందని పైలట్ చెప్పినట్టు వార్తలొచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నాలుగు రోజుల్లో విషయం చల్లబడిపోయింది.

కొత్త రన్‌వే ప్రారంభించినప్పుడు నాయకులు దాని పొడవు చెబుతారు, గంటకు ఎన్ని విమానాలు దిగుతాయో చెబుతారు. పక్క రన్‌వేకు ఎంత ఎడముందో, ఆ ఎడాన్ని ఎవరు కాపలా కాస్తారో చెప్పిన ప్రసంగం మాకు గుర్తులేదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం రెండు సమాంతర రన్‌వేల మీదికి దేనిదారిన అది దిగాలంటే, మంచి రాడార్ ఉన్నా సరే, మధ్యగీతల నడుమ కనీసం 1,035 మీటర్లు ఉండాలి. అందులో నట్టనడుమ 610 మీటర్ల పట్టీలోకి ఏ విమానమూ రాకూడదు. అంటే ఒక్కో విమానానికి తన గీత పక్కన మిగిలేది 212 మీటర్లు. దిగే విమానం సెకనుకు 70 మీటర్లు వస్తుంది. పొరపాటున 30 డిగ్రీలు పక్కకు తిరిగితే ఆ 212 మీటర్లు ఆరు సెకన్లలో అయిపోతాయి. పట్టీ దాటడానికి ఇంకో పదిహేడు. ఈలోపే విమానాల రాకపోకలు నడిపే కంట్రోలర్ తెర మీద చూసి, పక్క విమానానికి చెప్పి, ఆ పైలట్ విని తప్పుకోవాలి. విమానాలు ఢీకొనకుండా పైలట్లను హెచ్చరించే పరికరం టీకాస్ ఉందిగా అనుకుంటే, నేలకు సుమారు వెయ్యి అడుగుల లోపు అది తప్పించుకునే ఆదేశాలివ్వదు. ఆఖరి కాపలా మనిషిదే.

ఆ మనిషికి సమాచారం అందకపోతే ఏమవుతుందో 2022 జనవరి 7న బెంగళూరులో చూశాం. ఉత్తర రన్‌వే టేకాఫ్‌లకు, దక్షిణ రన్‌వే ల్యాండింగ్‌లకు వాడుతున్నారు. షిఫ్ట్ ఇన్‌చార్జి ఒక్క రన్‌వే చాలనుకున్నారు గానీ, ఆ మాట దక్షిణ టవర్ కంట్రోలర్‌కు చేరలేదు. కోల్‌కతా విమానం ఒకదాని మీంచి, భువనేశ్వర్ విమానం ఇంకోదాని మీంచి దాదాపు ఒకేసారి లేచాయి. రెండింట్లో కలిపి నాలుగు వందల మందికి పైగా ఉన్నారు. రాడార్ కంట్రోలర్ చూసి పక్కకు తిప్పబట్టి సరిపోయింది. తీరా చూస్తే లాగ్‌బుక్‌లో ఈ సంగతే రాయలేదు! విమానాలు దగ్గరికి రావడం కంటే మాకు ఎక్కువ భయం వేసింది ఇక్కడే. 2023 ఆగస్టులో ఢిల్లీలో దిగిన విమానమొకటి పక్క రన్‌వే దాటబోతుంటే, అదే రన్‌వే మీద ఇంకో విమానానికి టేకాఫ్ అనుమతి ఇచ్చారు. అప్పుడు కనిపెట్టింది పైలట్.

శాన్‌ఫ్రాన్సిస్కోలో రన్‌వేల మధ్య ఎడం 750 అడుగులే. 2017 జులై 7 రాత్రి ఒక రన్‌వే మూసి దీపాలు ఆర్పేశారు. ఎయిర్ కెనడా పైలట్లు వెలుగుతున్న రన్‌వేనే ఆ మూసిన రన్‌వే అనుకుని, దాని పక్కనున్న ట్యాక్సీవే (విమానాలు రన్‌వే దాకా వెళ్లే దారి) తాము దిగాల్సిన రన్‌వే అని పొరబడి దాని మీదికి దిగబోయారు. అక్కడ నాలుగు విమానాలు వరసలో నిలబడి ఉన్నాయి. ‘ఇతనెక్కడికి పోతున్నాడు?’ అని వాటిలో ఒక పైలట్ రేడియోలో అన్నారు. నేలకు దాదాపు 60 అడుగుల దాకా వచ్చి విమానం పైకి లేచింది. టవర్‌లో అప్పుడు పనిచేస్తున్న కంట్రోలర్ ఒక్కరే. ఈ సంగతి దర్యాప్తు అధికారులకు ఆలస్యంగా చేరడంతో, ఈలోపు ఆ విమానం మళ్లీ ఎగిరి కాక్‌పిట్ మాటల రికార్డు కూడా చెరిగిపోయింది. తర్వాత అమెరికా తన పద్ధతులు మార్చుకుంది.

మనకు కంట్రోలర్ల కొరత ఉందని, వాళ్ల మీద పని భారం పెరిగిందని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘమే చెప్పింది. విమాన భద్రతను పర్యవేక్షించే డీజీసీఏలో అప్పటికి దాదాపు సగం పోస్టులు ఖాళీగా ఉన్నాయి. శంషాబాద్‌లో రెండో రన్‌వే ప్రధానంగా మొదటిదాన్ని మరమ్మతుకు మూసినప్పుడు వాడేది కాబట్టి మనకు ఈ టెన్షన్ లేదనుకోవడం పొరపాటు. ఇక్కడ విమానం ఎక్కినవాళ్లు దిగేది ఢిల్లీలో, బెంగళూరులోనే. విమానయాన శాఖ మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడి చేతిలో ఉంది. జంట రన్‌వేలున్న చోట ఎడం కాపాడటం తప్ప వేరే పని లేని కంట్రోలర్లను ప్రతి షిఫ్టులో కూర్చోబెట్టాలి. త్రుటిలో తప్పిన ఘటనను చెప్పినవాళ్లను కాదు, దాచినవాళ్లను శిక్షించాలి. ముందుగా ఢిల్లీ ఘటన వివరాలు పూర్తిగా బయటపెట్టాలి. ఆ మధ్యాహ్నం 29ఆర్ మొదట్లో టేకాఫ్‌కు ఎవరైనా సిద్ధంగా ఉన్నారా, ఉంటే వాళ్లకు టవర్ ఏం చెప్పింది, ఎన్ని సెకన్లకు చెప్పింది అన్నది అందులో ఉండాలి.