గంగాళం పన్నెండు ఎడ్లు, మనిషి నాలుగు

మొన్న ఒక సాహిత్య సభలో ఒక పెద్దాయన గంటన్నర సేపు గ్రీకు మహాకావ్యాల్లో స్త్రీ ఔన్నత్యం గురించి ప్రసంగించారు. సారాంశం ఏమిటంటే, పెనెలోపీ ఇరవై ఏళ్ళు మొగుడి కోసం ఎదురుచూసింది, కాబట్టి గ్రీకులు స్త్రీని పూజించారు. మనకు సీతమ్మ ఎలాగో వాళ్ళకు పెనెలోపీ అలాగట. చప్పట్లు, శాలువా, ఫొటోలు అన్నీ అయ్యాయి. టీలు అందించడానికి మాత్రం ఇద్దరు అమ్మాయిలు గంటన్నరా వెనకాల నిలబడే ఉన్నారు.

ఆ పూజ ఏ రేటున జరిగిందో చూద్దామని ఇంటికొచ్చి, ట్రాయ్ నగరం మీద గ్రీకులు చేసిన యుద్ధం గురించి హోమర్ చెప్పిన ఇలియడ్ తీశాను. ఎగతాళికి అనడం లేదు. నిజంగానే రేటు రాసి ఉంది, 23వ సర్గలో.

చచ్చిపోయిన ప్రాణస్నేహితుడు పట్రోక్లస్ పేరిట గ్రీకు వీరుడు అకిలీస్ ఆటల పోటీలు పెట్టాడు. కుస్తీకి రెండు బహుమతులు. గెలిచినవాడికి పొయ్యి మీద పెట్టుకునే మూడు కాళ్ళ పెద్ద గంగాళం. అది పన్నెండు ఎడ్ల ఖరీదు చేస్తుందని గ్రీకులు తమలో తాము లెక్కగట్టారు. ఓడినవాడికి ఒక స్త్రీ. చాలా పనులు తెలిసిన మనిషట. నాలుగు ఎడ్లు.

మన లెక్కలో గంగాళం ఆరు జతలు, మనిషి రెండు జతలు. గెలిచినవాడు నీళ్ళు కాచుకునే పాత్ర పట్టుకుపోతాడు, ఓడినవాడు నీళ్ళు కాచే మనిషిని పట్టుకుపోతాడు. మన ఊళ్ళో పోటీల్లో ఓడినవాడి మనసు కష్టపెట్టకూడదని ఒక స్టీలు గిన్నె చేతిలో పెడతాం చూడండి, ఆ గిన్నె స్థానంలో ఆవిడ ఉంది.

సరే, అజాక్స్, ఒడిస్సియస్ బరిలోకి దిగారు. ఈ ఒడిస్సియస్సే పెనెలోపీ మొగుడు. నడుములు పట్టుకున్నారు, వీపులు పటపటలాడాయి, చెమటలు కారాయి, ఒంటి మీద రక్తం చిమ్మేలా వాతలు తేలాయి. ఎంతకీ తేలకపోయేసరికి చూసేవాళ్ళకు విసుగొచ్చింది. ఒకసారి ఇద్దరూ పడ్డారు, ఇంకోసారి ఇద్దరూ పడ్డారు. మూడోసారి లేవబోతుంటే అకిలీస్ అడ్డుపడి, ఇద్దరూ గెలిచారు, బహుమతులు సమానంగా తీసుకుని వెళ్ళండి అన్నాడు.

సమానంగా! ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మొత్తం ఆస్తి పదహారు ఎడ్లు, తలా ఎనిమిది. గంగాళం పట్టుకున్నవాడు రెండోవాడికి నాలుగు ఎడ్లు ఎదురివ్వాలి. ఎడ్లు చేతిలో లేకపోతే? గంగాళానికున్న మూడు కాళ్ళలో ఒకటి విరిచి ఇస్తే సరిగ్గా నాలుగు ఎడ్లు అవుతుంది, కానీ రెండు కాళ్ళ గంగాళం పొయ్యి మీద నిలబడదు. పోనీ రెండూ ఉమ్మడిగా ఉంచుకుని, గంగాళం ఆర్నెల్లు ఒకరి దగ్గర, ఆర్నెల్లు ఇంకొకరి దగ్గర. ఆవిడ? అదే ఏర్పాటు, గంగాళంతో పాటే వెళ్ళొస్తుంది. దారిలో గంగాళానికి సొట్టపడితే తరుగు ఎవరు భరించాలి? ఆవిడకు జ్వరమొస్తే? మన పల్లెల్లో గట్టు తగాదాలు తీర్చే పెద్దమనుషుల్ని ట్రాయ్ ఒడ్డుకు పిలిపించినా తేలే పంపకం కాదిది.

హోమర్‌కి ఈ టెన్షన్ లేదు. ఇద్దరూ దుమ్ము దులుపుకుని బట్టలేసుకున్నారని చెప్తాడు. ఆవిడ ఎవరి గుడారానికి పోయిందో చెప్పడు. వెంటనే పరుగుపందెం. అందులో రెండో బహుమతి బాగా బలిసిన ఎద్దు. ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంటే, తనలో నాలుగో వంతు మెడకు తాడుతో నడిచి రావడం చూసే ఉంటుంది.

ఇవే ఆటల్లో రథాల పందెంలో పరుగెత్తిన ఒక ఆడగుర్రం ఉంది. దాని పేరు ఈథీ. ఎకెపోలస్ అనేవాడు యుద్ధానికి రాకుండా తప్పించుకోవడానికి గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్‌కి ఇచ్చుకున్నాడని కూడా కవి మనకు చెప్తాడు. గుర్రానికి పేరుంది, లంచమైనా సరే, చరిత్ర ఉంది. చాలా పనులు తెలిసిన మనిషికి పేరు లేదు.

ధరలు అందరికీ ఒకేలా లేవు లెండి. ఒడిస్సియస్ ఇల్లు చేరిన కథ చెప్పే హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీలో, దాసీ యూరిక్లియా పడుచుదనంలో ఇరవై ఎడ్ల ఖరీదుకు అమ్ముడుపోయింది. కొన్న లేయర్టీస్, అంటే ఒడిస్సియస్ తండ్రి, పెళ్ళానికి భయపడి ఆమెను పక్కలోకి పిలవలేదని కవి ప్రత్యేకంగా మెచ్చుకుంటాడు. కొన్నవాడు ముట్టుకోకపోవడమే విశేషమైతే, మామూలు ఏమిటో వేరే చెప్పాలా?

ఇక పెద్దాయన పెనెలోపీ దగ్గరికి వద్దాం. మొగుడు తిరిగి రాకపోయేసరికి ఆవిణ్ణి చేసుకుంటామని నూట ఎనిమిది మంది పెళ్ళికొడుకులు ఇంట్లో తిష్ఠవేసి మేకల్నీ పందుల్నీ కోయించుకు తింటుంటే, మామగారు పోతే శవానికి కప్పే బట్ట నేస్తున్నాను, అదయ్యాకే పెళ్ళి అని చెప్పి, పగలు నేసినదాన్ని రాత్రి విప్పుతూ మూడేళ్ళు నెట్టుకొచ్చింది. ఇంతటి మనిషి ఒకనాడు హాల్లోకి వచ్చి, ఆ పాట నా గుండె కోస్తోంది, వేరేది పాడమని గాయకుణ్ణి అడిగింది. నిన్నమొన్నటి పిల్లాడు కొడుకు టెలిమాకస్ లేచి, లోపలికి పోయి మగ్గం చూసుకో, మాట్లాడటం మగవాళ్ళ పని అన్నాడు. ఆవిడ నివ్వెరపోయి మేడెక్కి ఏడ్చింది. సభలో పెద్దాయన ఈ భాగం చెప్పలేదు. టైము చాలలేదేమో.

మొగుడుగారి ఇరవై ఏళ్ళ లెక్క కూడా ఉంది. యుద్ధం పదేళ్ళు, మంత్రగత్తె సర్సీ ఇంట్లో ఏడాది, కాలిప్సో అనే దేవకన్య దీవిలో ఏడేళ్ళు. కాలిప్సో పక్కన రాత్రిళ్ళు ఇష్టం లేకుండా, బలవంతాన పడుకున్నాడని హోమర్ చెప్తాడు. నమ్ముదాం. ఈ బలవంతం అనే మాట గుర్తు పెట్టుకోండి.

తిరిగొచ్చి పెళ్ళికొడుకుల మీద బాణం ఎక్కుపెట్టినప్పుడు ఒడిస్సియస్ వాళ్ళ మీద మోపిన నేరాల్లో ఒకటి, నా ఇంటి దాసీలను బలవంతం చేశారు అని. ఆ మాట ఆయన నోట్లోంచే వచ్చింది. అందర్నీ చంపాక గాయకుడు ఫీమియస్ కాళ్ళ మీద పడ్డాడు. వాళ్ళు బలవంతాన లాక్కొస్తే పాడానన్నాడు. టెలిమాకస్ అవును నాన్నా, ఇతని తప్పు లేదన్నాడు. వదిలేశారు.

తర్వాత యాభై మంది దాసీల్లోంచి, పెళ్ళికొడుకులతో పడుకున్నారని పన్నెండు మందిని ఏరారు. వాళ్ళ చేతనే శవాలు మోయించారు. స్పాంజితో బల్లల మీది నెత్తురు తుడిపించారు. కత్తితో నరకమన్నాడు తండ్రి. వీళ్ళకు అంత శుభ్రమైన చావెందుకని కొడుకు ఓడ మోకు తెచ్చి వరసగా ఉరేశాడు. వలలో పడ్డ పిట్టల్లా ఉన్నారని, కాళ్ళు కాసేపు కొట్టుకున్నాయని, ఎక్కువసేపు కాదని కవి చెప్తాడు. ఎంత ఉపమానం, ఎంత సొంపు! ఆ పన్నెండు మందిని ఒక్కడైనా అడిగాడా, నిన్ను బలవంతం చేశారా అని? మొగుడి బలవంతం చెల్లింది. పాటగాడి బలవంతం చెల్లింది. కొనుక్కొచ్చిన ఆడదానికి కాదనే హక్కే లేనప్పుడు, అవునన్నందుకు ఉరి ఏమిట్రా? థూ!

అదంతా జరుగుతున్నంతసేపూ పెనెలోపీ మేడ మీద నిద్రపోతోంది. అథీనా దేవత పడుకోబెట్టింది. ఆయన ట్రాయ్‌కి వెళ్ళాక ఇంత హాయిగా నిద్రపట్టలేదని లేచాక ఆవిడే అంది.

హత్యల సంగతి ఊళ్ళో పొక్కకూడదు కదా. అందుకని ఒడిస్సియస్ ఉపాయం చెప్పాడు. అందరూ స్నానాలు చేసి మంచి బట్టలు కట్టుకోండి, ఫీమియస్ వాయిస్తాడు, మీరు చిందెయ్యండి, బయటివాళ్ళు పెళ్ళనుకుంటారు అన్నాడు. మిగిలిన ముప్పై ఎనిమిది మందీ ఆ రోజు ఎలా చిందేశారో కవి వర్ణించలేదు. ఇల్లంతా అడుగుల చప్పుడుతో మోగిందని మాత్రం చెప్పాడు.

వీధిలో పోయేవాళ్ళు ఆ చప్పుడు విని ఆగారు. అంతమంది వెంటపడి తిరిగిన రాణిగారిని ఎవడో చేసేసుకున్నాడన్నమాట, పాపిష్టిది, మొగుడొచ్చేదాకా ఇల్లు పట్టుకుని ఉండలేకపోయింది అనుకుంటూ పోయారు.