నా రక్తపరీక్ష రిపోర్టులోని డి విటమిన్ 14 గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 14 గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరు కుశలంగా లేరని ల్యాబు వాళ్లు బోల్డు అక్షరాల్లో అచ్చేసి, పక్కన కిందికి చూసే బాణం గుర్తు పెట్టి మరీ చెప్పారు. నేను కుశలంగా లేనని నా నోటితో నేను చెప్పాను. ఇద్దరిలో ఎవరి మాట చెల్లిందో ఈ మధ్యాహ్నం తమరు కూడా చూశారు, నా చేతిలోని ఫైల్లోనే ఉన్నారుగా.

అంతసేపు ఆ కుర్చీలో కూర్చుని నేను చేసిందల్లా మాటలు కూడబెట్టుకోవడమే. తెల్లారకముందే మెలకువ వచ్చేస్తోంది అని చెప్పాలి, ఇష్టంగా చేసుకునే పనులు కూడా ఎవరో అప్పగించిన పనుల్లా ఉంటున్నాయని చెప్పాలి, ఫోను మోగితే ఎత్తబుద్ధి కావట్లేదు అని చెప్పాలి, ఏడుపు రావట్లేదు అదే విచిత్రంగా ఉంది అని కూడా చెప్పాలి. "కొన్ని నెలలుగా మనసు బాగోట్లేదండీ" అనే ఒక్క వాక్యం ఒక అపరిచితుడి ముందు పలకడానికి ఎంత సత్తువ కావాలో, చెప్పుకున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ వాక్యం సగంలో ఉండగా డాక్టరు గారి చూపు తమ మీద పడింది. "ఓ, డి విటమిన్ 14 ఏనా! ఇంకేం, ఇదే" అన్నారు. పెన్ను తీసి తమ చుట్టూ సున్నా చుట్టారు. తృప్తి చాలక ఇంకోసారి చుట్టారు. నా వాక్యంలో మిగిలిన సగం అక్కడే ఆగిపోయింది. వారానికో పెద్ద డోసు మాత్ర, కాస్త ఎండలో నడవండి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష, నెక్స్ట్.

ఇంటికొచ్చాక రెండో విడత. "అమ్మయ్య, డిప్రెషనూ గిప్రెషనూ ఏం కాదట, విటమినేనట!" అని మా అక్క ఫోన్లో ఎవరికో చెబుతోంది. ఆ అమ్మయ్యలో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు, తిట్టలేను. కానీ మాత్రతో పోయే జబ్బయితే అది పరువున్న జబ్బు, మనసుదైతే పైకి చెప్పుకోలేనిది అనే లెక్క కూడా అందులోనే ఉంది. తమరి పుణ్యమా అని నాకు పరువున్న జబ్బు వచ్చింది. ధన్యవాదాలు.

అపార్థం చేసుకోకండి. తమరు తక్కువగా ఉండటం మీద నాకు కోపం లేదు. తమరు తక్కువని తెలియడం మంచిదే. మనసు బాగోలేదని వచ్చిన మనిషికి రక్తపరీక్ష రాయడం తప్పని కూడా నేననను. థైరాయిడ్ పనిచేయకపోయినా, రక్తం తక్కువైనా నీరసం, నిరాసక్తత రెండూ వస్తాయి, చూడాల్సిందే. నా గోడల్లా, తమరు దొరికారు కదా అని ఇక వెతకడం మానేశారు చూడండి, అది. దొరికినవాడే దొంగ అని కేసు మూసేశారు.

తమరి మీద అనుమానం ఉత్తపుణ్యానికి పుట్టలేదని నాకూ తెలుసు. చర్మంలోని 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే కొవ్వు పదార్థం మీద ఎండలోని యూవీ-బీ కిరణాలు పడితే తమరి మొదటి రూపం తయారవుతుంది, కాలేయానికి వెళ్లి 25-హైడ్రాక్సీ విటమిన్ డి అవుతారు (ల్యాబులో కొలిచేది ఈ అవతారాన్నే), ఆపైన కిడ్నీలో కాల్సిట్రయాల్‌గా మారి అచ్చం హార్మోనులా పనిచేస్తారు. ముఖ్యమైన ఉద్యోగం కాల్షియం, ఎముకలే అయినా, మెదడులో కూడా తమరి రిసెప్టార్లు (తమరి కబురు అందుకునే గ్రాహకాలు) ఉన్నాయి, జ్ఞాపకాలకీ భావోద్వేగాలకీ పనికొచ్చే హిప్పోకాంపస్‌లో కూడా. ఇక డిప్రెషన్ ఉన్నవాళ్ల రక్తంలో తమరు తక్కువగా కనిపిస్తారని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. 2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో 31,424 మంది లెక్కలు కలిపి చూసినప్పుడూ అదే కనిపించింది. కాబట్టి ఇద్దరూ ఒకే చోట తిరుగుతున్న మాట నిజం. ఎవరు ఎవర్ని లాక్కొచ్చారు అన్నదే తేలాలి.

దీన్ని ఎవరూ నా దగ్గర ఎత్తలేదు కాబట్టి తమరి దగ్గరే ఎత్తుతున్నాను. మనసు బాగోలేని మనిషి ఏం చేస్తాడు? గది దాటడు. కర్టెన్ తీయడు. తిండి సరిగ్గా తినడు. సెలవు వస్తే పగలంతా మంచం మీదే. ఎండ తగలదు, తమరు పడిపోతారు. అంటే నన్ను కుంగదీసింది తమరు కాదేమో, తమర్ని కుంగదీసింది నేనేమో! అప్పుడు రిపోర్టులో సున్నా చుట్టాల్సింది కారణానికా, ఫలితానికా? ఆ బోల్డు అక్షరాలు ఈ రెండింటికీ తేడా చూపించవు.

సరే, మాత్రలిచ్చి చూస్తే తేలిపోతుందిగా అంటారా, ఇచ్చి చూశారు. వైటల్ అని అమెరికాలో పెద్ద ప్రయోగం జరిగింది. అందులో డిప్రెషన్ భాగం 2020లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. 50 ఏళ్లు పైబడిన 18,353 మందిలో సగం మందికి రోజుకి 2000 ఐయూ (విటమిన్లని కొలిచే యూనిట్) డి3 అనే తమరి మాత్ర రూపం, సగం మందికి మందేమీ లేని ఉత్త మాత్ర, ఐదేళ్లకి పైగా. చివరికి డిప్రెషన్ బారిన పడ్డవాళ్లు తమరి వైపు 609, ఉత్త మాత్ర వైపు 625. దీన్ని తేడా అనుకోవడానికి లేదు. మూడ్ స్కోర్లలోనూ తేడా రాలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆ ప్రయోగం చేసింది డిప్రెషన్ రాకుండా ఆపగలరా అని, వచ్చినవాళ్లకి నయం చేయగలరా అని కాదు, పైగా అందులో ఎక్కువమందికి తమరు మరీ 14లో ఏమీ లేరు. డిప్రెషన్ ఉన్నవాళ్లకి ఇచ్చిన కొన్ని చిన్న ప్రయోగాల్లో కాస్త మేలు కనిపించిందనీ, కొన్నిట్లో ఏమీ కనిపించలేదనీ కూడా ఉంది, అదీ దాచను. ఇంత గుంజాటన ఉన్న వ్యవహారంలో "ఇంకేం, ఇదే" అనే రెండు మాటల తీర్పు ఎక్కణ్నుంచి వచ్చింది అని అడుగుతున్నాను, అంతే.

అన్నట్టు తమరి సొంత పరపతి కూడా అంత గట్టిదేం కాదు. 2010లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ మిల్లీలీటరుకి 20 నానోగ్రాములుంటే దాదాపు అందరికీ చాలు అంది. మరుసటేడు ఎండోక్రైన్ సొసైటీ అనే హార్మోన్ల డాక్టర్ల సంఘం "కాదు, 30 ఉండాలి" అంది. దాంతో ఒక్క రాత్రిలో ఎంతమంది ఆరోగ్యవంతులు రోగులయ్యారో. 2024కి వచ్చేసరికి అదే సొసైటీ ఆ 30 మాట వెనక్కి తీసుకుని, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఊరికే ఈ పరీక్ష చేయించకండి అని కూడా చెప్పింది, ఆ కబురు ఫుల్ బాడీ ప్యాకేజీలు అమ్మేవాళ్లకి ఇంకా అందినట్టు లేదు. ఏ లెక్కలో చూసినా 14 తక్కువేలెండి, తమరు కంగారు పడకండి. కొలతని నానోమోల్స్ అనే ఇంకో యూనిట్‌లోకి మారిస్తే తమరే 35 అవుతారు. అప్పుడు ఇంత చులకనగా కనిపించరు కూడా.

"ఎండలో కూర్చోరాదూ" సలహా బృందానికి ఒక్క ముక్క: అద్దాల కిటికీ పక్కన కూర్చుంటే వేడి వస్తుంది, వెలుతురు వస్తుంది, ఈయన రారు. యూవీ-బీని గాజు ఆపేస్తుంది.

ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిది బృందానికి ఇంకో ముక్క: ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి ఏడాదికోసారి ఏకంగా 5,00,000 ఐయూ ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయి. 2010లోనే వచ్చింది ఆ ఫలితం. తెలిసినవాళ్లు మిగిల్చిన మాత్రలు మింగేవాళ్లు కాస్త ఆగండి.

ఈ ఎండ విషయంలో తమరు ఆడే ఇంకో నాటకం ఉంది. రేపట్నుంచి నేను పొద్దున్నే నడవడం మొదలుపెడతాననుకుందాం. నడక మూడ్‌కి మంచిదని తెలిసిందే. పొద్దుటి వెలుతురు కంటి ద్వారా మెదడులోని గడియారాన్ని సరిచేస్తుంది, చలికాలంలో వచ్చే డిప్రెషన్‌ని 1984లో నార్మన్ రోజెంతాల్ బృందం గుర్తించిన దగ్గర్నుంచి దానికి బాగా వెలుతురిచ్చే ప్రత్యేక దీపాలు వాడుతూనే ఉన్నారు, ఆ దీపాల్లో యూవీ రాకుండా వడకట్టేస్తారు కాబట్టి తమరికి అక్కడ పనే లేదు. ఇంట్లోంచి బయటపడటం, పక్కింటాయనతో వద్దన్నా నాలుగు మాటలు మాట్లాడాల్సి రావడం, రాత్రి కాస్త నిద్ర పట్టడం, ఇవన్నీ కలిసి నేను ఒక రవ్వ తేరుకున్నాననుకోండి. క్రెడిట్ ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? "చూశావా, విటమిన్ ఎక్కగానే ఎలా నవ్వుతున్నావో!" తమరు కిక్కురుమనకుండా దండలు వేయించుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే ఎంత వద్దనుకున్నా దీన్ని వదల్లేకపోతున్నాను. పీహెచ్‌క్యూ-2 అని డిప్రెషన్ ఉందేమో చూసే పద్ధతి ఒకటుంది, తమరు విన్నారో లేదో. రెండంటే రెండే ప్రశ్నలు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి గానీ సంతోషం గానీ తగ్గిందా? దిగులుగా, నిరాశగా అనిపించిందా? ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 3 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకా వివరంగా అడగాలి. సూది అక్కర్లేదు, పరగడుపున రానక్కర్లేదు, రిపోర్టు కోసం సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. నిమిషం పట్టదు. అంకెలే ఇష్టమైతే అదీ అంకే ఇస్తుంది కదండీ! తమరి చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టిన టైములో ఆ రెండు ప్రశ్నలూ అయిపోయేవి. ఒక్కటి కూడా అడగలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగలేదు. నాకు అలా అనిపించట్లేదు, అది వేరే సంగతి, కానీ అడగలేదు! నా తర్వాత అదే కుర్చీలో కూర్చున్న మనిషికి అనిపిస్తోందేమో, ఆ మనిషి రిపోర్టులో కూడా నీలాంటి అంకె ఒకటి దొరికితే వాణ్ణీ "ఎండలో నడువు" అని పంపించేస్తారా? మాటలు నోట్లోనే ఉండగా పంపించేస్తారా? ఏం పొడిచావని నీకంత మర్యాద? కిందికి చూసే బాణం నీకుందీ, నాకు లేదూ, అంతేగా తేడా! నాకూ ఒకటి నుదుటి మీద అచ్చేసి ఉంటే చూసేవాళ్లేమో.

క్షమించాలి. తమరు అనబోయి నువ్వు అనేశాను.

అరిచాక కాస్త తేలిగ్గా ఉంది. ఒక మాట ఒప్పుకుంటాను, ఈ మొత్తం వ్యవహారంలో తమరు నోరు తెరిచి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. "ఈ మనిషి రక్తంలో నేనింత ఉన్నాను" అన్నారు, అంతే. మిగతాదంతా తమరి నోట్లో వేరేవాళ్లు పెట్టిన మాటే. నిజానికి తమరు మరీ తగ్గితే ఎముకలు మెత్తబడతాయి, కండరాలు బలహీనపడతాయి, ఒళ్లు నొప్పులొస్తాయి, అవి చిన్న కష్టాలేం కావు. మెట్లెక్కితే నా తొడలు లాగుతున్న మాట కూడా నిజమే. అందుకే మాత్ర మానను, రాసిన డోసు రాసినట్టే వేసుకుంటాను. నా ఎముకల తరఫున ముందస్తు కృతజ్ఞతలు.

నా టెన్షనంతా మూడు నెలల తర్వాత గురించి. డోసు పడ్డాక తమరు లేస్తారు, లేవకేం చేస్తారు. 32 అయి వస్తారు. బోల్డు పోతుంది, బాణం పోతుంది. మా అక్క స్వీటు పెడుతుంది. అప్పటికీ నాకు తెల్లారకముందే మెలకువ వస్తుంటే, అప్పటికీ ఫోను ఎత్తబుద్ధి కాకపోతే, "రిపోర్టు నార్మలే కదా, ఇంకా ఏంటి నీ బాధ?" అంటారు. ఇవాళ నా బాధకి సాక్ష్యంగా పనికొచ్చిన తమరే ఆ రోజు నా మీద సాక్ష్యానికి పనికొస్తారు.

అందుకని అప్పటిదాకా ఆగట్లేదు. సైకియాట్రిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, వచ్చే వారమే. ఫైల్లో తమరూ వస్తారు, పాత రిపోర్టులన్నీ తెమ్మన్నారు కాబట్టి తప్పదు. రండి, కూర్చోండి. కానీ ముందు మాట్లాడేది నేను.

ఇట్లు,
అదే కాగితం మీద, తమరికి కాస్త పైన పేరున్న పేషెంటు