తెనాలి రేడియో బాబాయి

వాచీలు బాగుచేసే పెద్దాయన గురించి ఎవరో రాసిన ఒక వ్యాసం చదువుతుంటే తెనాలిలో మా వీధి చివరి రేడియో షాపు గుర్తొచ్చింది. ఆ షాపాయన్ని ఊరంతా రేడియో బాబాయి అనేది. అసలు పేరేంటో ఆయన పోయిన తర్వాతే, గోడ మీద అంటించిన కాగితంలో చూశాను!

వాల్వుల రేడియో స్విచ్ వేయగానే పలకదు, లోపలున్న వాల్వులు, అంటే బల్బుల్లాంటి గాజు గొట్టాలు, వేడెక్కాలి. ఆ కాసేపూ బాబాయి తల పక్కకి వంచి వినేవాడు. గుయ్‌మని మోగితే కరెంటులో ఒడిదుడుకుల్ని సరిచేసే ఫిల్టర్ కండెన్సర్ పోయినట్టు, వాల్యూమ్ తిప్పుతుంటే బరబరమంటే కంట్రోల్‌లో దుమ్ము. మూత తీయకముందే చెప్పేసేవాడు. డయల్ ముల్లు కదలకపోతే లోపల దారం తెగినట్టే. అది మార్చినందుకు మాత్రం పైసా పుచ్చుకునేవాడు కాదు. "దారానికి డబ్బులేంట్రా" అనేవాడు.

1983 జూన్ 25 రాత్రి లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్, వీధి జనమంతా ఆ షాపు ముందే. మనవాళ్లు 43 పరుగులతో గెలిచారు. బాబాయికి క్రికెట్ ఓనమాలు కూడా తెలియవు, స్టేషన్ ఎక్కడ జారిపోతుందోనని ఆయన టెన్షన్ ఆయనది.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మా పాత సెట్టు బాగుచేసి, వచ్చి పట్టుకెళ్లమని రెండుసార్లు కబురు పెట్టాడు. మేమే వెళ్లలేదు.