ఫోటోదే ఒప్పు, మనిషిదే తప్పు

ఫోటోకీ మనిషికీ పోలిక కుదరకపోతే దిద్దుకోవాల్సింది మనిషే. 1839లో డాగెరోటైప్ అనే తొలితరం ఫోటో పద్ధతి లోకానికి తెలిసిన నాటి నుంచీ ఇదే న్యాయం. ఎడమ చేతికి ఉంగరం పెట్టుకుని కూర్చుంటారు, బొమ్మలో అది కుడి చేతికి ఉంటుంది. నెగెటివ్ లేదు కదా, వెండి పూత పలక మీద పడ్డదే బొమ్మ, అద్దంలోలా తిరగబడి ఉంటుంది. కటకం ముందు అద్దమో పట్టకమో పెడితే సరిచేయొచ్చు గానీ, వెలుగు తగ్గి ఇంకాసేపు బిగుసుకు కూర్చోవాలి. అంతకంటే ఉంగరం మార్చుకోవడం తేలిక.

పల్చటి ఇనుప రేకు మీద తీసే టిన్‌టైప్‌దీ అదే తంతు. అమెరికా బందిపోటు బిల్లీ ద కిడ్ బొమ్మ చూసి అతనిది ఎడమచేతి వాటమని జనం చాలాకాలం నమ్మారు. అతని చేతిలోని 1873 మోడల్ వించెస్టర్ తుపాకీకి తూటాలు దూర్చే కంత కుడిపక్క ఉంటుంది, బొమ్మలో ఎడమపక్కన ఉంది. పాపం, తుపాకీ సాక్ష్యం ఎవరికి కావాలి?

ఇక రంగులు. 1851లో వచ్చిన తడి కొలోడియన్‌కి, అంటే గాజు పలక మీద తడిగా ఉండగానే వాడే జిగురు పూతకి, నీలం, అతినీలలోహితం తప్ప మరో వెలుగు దాదాపు ఆనదు. అందుకే నీలికళ్ళు పాలిపోతాయి, ముఖం మీది గోధుమరంగు మచ్చలు మసి చల్లినట్టు తేలతాయి. పసుపు గౌనులో ముచ్చటగా వచ్చినావిడ బొమ్మలో నల్లగౌనుతో సంతాపంలో ఉంటుంది. భర్త పక్కనే నిలబడి ఉన్నా సరే, పలక మాట పలకదే.

పలకకు పూత పూసి, వెండి నైట్రేట్‌లో ముంచి, తడి ఆరేలోపు బొమ్మ తీసి కడిగేయాలి. చేతిలో ఉండేది పదిహేను నిమిషాలకు మించదు. అందులో కూర్చునేవారి వాటా కొన్ని సెకన్లే, కానీ అన్ని సెకన్లూ నవ్వు నిలబడదు. తల ఊగకుండా వెనక ఇనుప కొంకి పట్టుకుంటుంది. దాని స్టాండు పాదం బూట్ల వెనక తొంగిచూస్తుంటుంది కూడా. ఆ తరం వాళ్ళంతా మహా గంభీరులని మనం తేల్చేసింది ఈ కొంకి చలవే. 1854లో ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ దిస్దేరి ఒకే పలక మీద ఎనిమిది బొమ్మలు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక ధర దిగింది. ఉత్తుత్తి స్తంభం, తెర, చేతిలో పుస్తకం అందరికీ అందాయి. చదువు రాకపోయినా పర్వాలేదు, పుస్తకం స్టూడియోదే.

పరాకాష్ఠ అమెరికా అధ్యక్షుడు లింకన్. నిండు విగ్రహంతో హుందాగా నిలబడ్డ ఆయన ముద్రణ చిత్రంలో తల మాత్రమే ఆయనది, ఫోటోలోంచి తెచ్చింది. మొండెం బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన అమెరికా రాజకీయ నేత కాల్హూన్‌ది. బల్ల మీది కాగితాల్లో రాష్ట్రాల సార్వభౌమత్వం గురించి ఉన్న రాతలు చెరిపి, స్వేచ్ఛా ప్రకటన అని రాశారు. కోటు మాత్రం అలాగే ఉంచారు, కొలతలు సరిపోయాయి కాబోలు.